బచేలి అక్కా, నా రక్తపరీక్షా

బస్తర్ వెళ్లొచ్చానని చెప్పగానే అందరూ జలపాతం చూశావా అని అడుగుతున్నారు. చూడలేదు. గుహల్లోకి దిగలేదు, దంతేవాడ అమ్మవారి గుడి ముందు నుంచే జీపులో వెళ్లిపోయాను. నేను వెళ్లింది మా అక్కకు ఒక మాట చెప్పడానికి. ఆ మాట గొంతులో అడ్డం పడి ఉంటే మనిషికి జలపాతాలేం కనిపిస్తాయి? అయినా దారిలో చూసినవీ, తిన్నవీ, తిట్లు తిన్నవీ చెప్తాను. అటు వెళ్లనివాళ్లకు పనికొస్తాయి.

ముందు ఆ మాటేమిటో చెప్పాలి. నేను విశాఖపట్నంలో బీమా ఏజెంటుని. రేపేమవుతుందో అని జనాన్ని భయపెట్టి, ఆ భయానికి వాయిదాలు కట్టించడం నా వృత్తి. మా అమ్మ మతిమరుపు జబ్బుతో పోయింది. మొదట కూరలో ఉప్పు మరిచింది, తర్వాత మా పేర్లు మరిచింది, ఆఖరుకు నోట్లో ముద్ద మింగడం మరిచింది. ఈమధ్య ఒక పాలసీదారు పేరు గుర్తురాక ఆయన ఎదుటే నీళ్లు నమిలాను. ఆ వారమే ఒక ల్యాబు ప్రకటన కంటపడింది. కాస్త రక్తం ఇస్తే చాలు, మతిమరుపు జబ్బును ముందే పట్టేస్తారట. ఏ డాక్టరూ రాయలేదు. సొంత తెలివితో వెళ్లి చెయ్యి చాపాను.

ఫలితం ఎక్కువా కాదు, తక్కువా కాదు, మధ్యలో ఉందన్నారు. నరాల డాక్టరు దగ్గరకు పరుగెత్తితే ఆయన నన్ను నానా ప్రశ్నలూ అడిగి, "మీరు బాగానే ఉన్నారు కదమ్మా, ఇది ఎందుకు చేయించుకున్నారు?" అన్నారు. ఏడాది పోయాక మళ్లీ చూద్దామన్నారు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు టిఫిను తిని, కబురు చేస్తామని వెళ్లినట్టుంది నా పరిస్థితి.

నేను పెళ్లి చేసుకోలేదు. చెప్పుకోవడానికి ఉన్నది బస్తర్ ఇనుపగనుల ఊరు బచేలిలో ఉండే ఎస్తేరక్క ఒక్కతే. నాలో ఉన్నది అమ్మ నుంచి వచ్చిందే అయితే అక్కలోనూ ఉండొచ్చు. చెప్పకపోతే దాచినట్టు. చెబితే ఆమె నిద్ర కూడా చెడగొట్టినట్టు. ఏదీ తేల్చుకోలేక కిరండోల్ బండి ఎక్కేశాను.

సొరంగాలు

అరకు దాకా పెట్టె నిండా విహారయాత్ర వాళ్లే. సొరంగం వచ్చినప్పుడల్లా కేకలు, ఈలలు, బజ్జీల పొట్లాలు. నా ఆట వేరు. చీకటి మొదలవగానే ఒక పాలసీదారు పేరు అనుకోవడం, వెలుగు వచ్చేలోపు వాళ్లావిడ పేరూ వాళ్ల వీధీ గుర్తు చేసుకోవడం. చాలాసార్లు నెగ్గాను. ఒక పొడుగాటి సొరంగంలో మాత్రం మర్రిపాలెం కాంట్రాక్టరు భార్య పేరు ఎంతకీ రాలేదు. బయట లోయ, వాగు, పచ్చటి కొండలు ఉన్నాయని పక్కావిడ చూపిస్తోంది. నేను ఆ పేరే వెతుక్కుంటున్నాను.

కోరాపుట్‌లో బండి ఆగితే టీకి దిగాను. మట్టి ముంతలో ఇస్తారనుకుంటే కాగితం కప్పులోనే ఇచ్చాడు, అల్లం మాత్రం దండిగా వేశాడు. తిరిగి ఎక్కేసరికి నా సీట్లో ఒకాయన దర్జాగా కూర్చున్నాడు. నా సంచీ లేదు. పోట్లాట పెట్టుకున్నాను. ఆయన టికెట్టు తీసి చూపించాడు. నేను ఎక్కింది పక్క పెట్టె.

"మేడమ్‌గారూ, ఈ బండిలో అన్ని పెట్టెలూ ఒక్కలాగే ఉంటాయండి. రైల్వేలో పనిచేసినోణ్ణి, నానే ఎన్నోసార్లు పొరపడ్డాను" అన్నాడాయన, బొబ్బిలి మనిషట. చుట్టూ అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఇది మామూలు మరుపా, ఆ మరుపా అని కిరండోల్ లైను పొడుగునా నన్ను నేనే నిలదీసుకున్నాను. రక్తం ఇచ్చినప్పటి నుంచీ నాకు మామూలు మరుపు అన్నది లేకుండా పోయింది.

బచేలి

జగదల్‌పూర్ దాటాక పెట్టెలో తెలుగు పలచబడి, హిందీ, హల్బీ చిక్కబడ్డాయి. దంతేవాడ దాటాక నేల రంగు చెట్లకెక్కింది. ఆకులు, ఇంటి కప్పులు, ఆవులు, ఆరేసిన చీరలు, అన్నిటి మీదా ఇనుపరాయి ఎర్రదుమ్ము. ఖనిజం నింపుకున్న గూడ్సు బండికి దారిచ్చి మా బండి ఓపిగ్గా పక్కన నిలబడింది. ఇక్కడ మనుషులకన్నా రాయికి తొందరెక్కువ.

స్టేషన్‌కు దానియేలు బావ వచ్చాడు. రైలుపట్టాల పని చేసి రిటైరయ్యాడు. సొంతూరు పలాస దగ్గర, కానీ అక్కడికి పోతే తోచదని ఇక్కడే అద్దెకు ఉంటున్నాడు. "ఏటమ్మా మరదలా, సిక్కిపోనావు. మీ ఊళ్లో బియ్యం దొరకట్లేదేటి?" అన్నాడు. ఎప్పుడూ అనే మాటే.

అక్క గుమ్మంలోనే నా ముఖం రెండు చేతులతో పట్టుకుని గబగబా ఏదో అడిగింది. హల్బీలో అడిగింది. నాకు ఆ భాష ఒక్క ముక్క రాదని ఆమెకు తెలుసు. ఆటపట్టిస్తోందనుకుని, నాకు తెలిసిన ఒకే ఒక్క హిందీ వాక్యం అప్పజెప్పాను. అక్క నవ్వలేదు. మళ్లీ అదే అడిగింది. "అన్నం తిన్నావా అంటంది" అన్నాడు బావ సామాను మోస్తూ. "ఇక్కడ మాకు నాలుగు బాసలూ కలిసిపోనాయి. పాలోడితో ఒకటి, పక్కింటోళ్లతో ఒకటి. ఏది ఎక్కడ మాటాడుతున్నామో మాకే తెల్దు."

నిజమే అనుకున్నాను. భోజనానికి ముందు అక్క చేసిన ప్రార్థన అచ్చమైన తెలుగులో, ఒక్క తడబాటు లేకుండా సాగింది. వెదురుకొమ్ముల కూర, ఉలవచారు, ఎండుచేప. మనం అరకులో తినే వెదురు కూరకన్నా ఇది పులుపు. ముక్కల్ని కొన్నాళ్లు పులియబెడతారట. ఉప్పు సరిగ్గానే ఉంది. ఉప్పు సరిగ్గా ఉందని నేను ఎందుకు చూశానో నాకే సిగ్గేసింది. ఆ మాట రేపు చెబుదాంలే అని పడుకున్నాను.

సంత

మర్నాడు వారం సంత. ఇప్పపూలు రాలే రోజులు కాబట్టి సంతంతా మత్తెక్కించే తీపి వాసన. మన రైతుబజారులో తూకం, బేరం, రుసరుస. ఇక్కడ కుప్ప లెక్క, దోసిలి లెక్క. అమ్మేవాళ్లు పిలవరు, బతిమాలరు. కొంటే కొను, లేకపోతే నీడన కూర్చో అన్నట్టు ఉంటారు. ఆకుదొప్పలో ఎర్రచీమల పచ్చడి ఇరవై రూపాయలు. బావ తినమని రెచ్చగొట్టాడు. నిమ్మకాయ పిండినట్టు పుల్లగా, కారంగా బాగానే ఉంది. చావని చీమ ఒకటి నా నాలుక కరిచింది. సంతంతా పండగ చేసుకుంది.

అక్కతో సంతకు వెళ్లడం నాకు ఎప్పుడూ ఒక సరదా. మనిషి ముఖం చూడగానే భాష మార్చేది. గోండు ఆడవాళ్లతో గోండీ, కుమ్మరివాళ్లతో హల్బీ, రాయ్‌పూర్ నుంచి వచ్చిన బట్టల కొట్టువాడితో హిందీ, మధ్యలో నాతో తెలుగు. ఇన్నేళ్లలో ఒక్కసారీ ఒకరి భాష ఇంకొకరితో మాట్లాడలేదు.

ఆ రోజు చింతపండు అమ్మే ఒక గోండు ముసలావిడ ముందు అక్క కూర్చుని, కులాసాగా తెలుగులో మొదలుపెట్టింది. "ఈయేడు కాపు బాగుందా? మీ కోడలు పురిటికెల్లిందా?" ఆ ముసలావిడ అర్థంకాక నవ్వింది. అక్క నా వైపు తిరిగి గోండీలో ఏదో చెప్పి, జవాబు కోసం నా కళ్లలోకి చూసింది. ఎంత పచ్చి నమ్మకంతో చూసిందంటే, తల ఊపక తప్పలేదు.

కొన్న చింతపండు ఇంటికి తెచ్చి వంటింటి మూల పెట్టబోతే, అక్కడ అప్పటికే చింతపండు బుట్టలు వరసగా ఉన్నాయి. కింద బుట్టలకు బూజు పట్టింది.

చేతిలో ఉన్నదాన్ని కూడా వాటి పక్కనే పెట్టాను. నా రక్తంలో ఉందో లేదో తేలని దాన్ని గురించి చెప్పడానికి ఇంత దూరం వచ్చాను. ఏ పరీక్షా లేకుండానే అది అక్క ఇంట్లో మూల కూర్చుని ఉంది. అందరూ నాలుగు భాషలు కలిపి మాట్లాడే ఊళ్లో, ఒక మనిషి ఏ భాష ఎవరిదో మరిచిపోతే ఎవరికి తెలుస్తుంది?

పెరట్లో బావను పట్టుకుని చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది. "నీ పట్నం తెలివి నీ దగ్గరే ఉంచుకో. ఇక్కడ బాసలు కలపనోడెవుడు? నేను కలపట్లేదా?" అని విసురుగా లోపలికి వెళ్లిపోయాడు. సాయంత్రం టీ గ్లాసుతో తనే వచ్చి నా పక్కన అరుగు మీద కూర్చున్నాడు.

"గేసు నేనే కట్టేస్తన్నాను రూతూ, ఎప్పటినుంచో. కూరలో ఉప్పు కూడా నేనే ఏస్తన్నాను. నాకు తెల్దనుకోకు. దానికి పేరెట్టడం ఇష్టం లేక ఊరుకున్నాను" అన్నాడు.

వాళ్లమ్మాయి శాంతి బస్తర్‌లోనే ఉన్న బీజాపూర్ ఆసుపత్రిలో నర్సు. కూతుర్ని చూడ్డానికంటే అక్క మారు మాట్లాడదు. అక్కడే చూపిద్దామని మర్నాడు ముగ్గురం బయల్దేరాం.

బీజాపూర్ జీపు

గీదంలో జీపు మారాం. ఎనిమిదిమంది పట్టే జీపులో ఎంతమందిమో లెక్కపెట్టడం మర్యాద కాదు. రోడ్డు ఇప్పుడు నున్నగా ఉంది. పోలీసు క్యాంపుల దగ్గర ఆపి, ముఖాలు చూసి పంపుతారు. అక్క కిటికీ పక్కన కూర్చుని తనలో తాను పాట పాడుకుంటోంది. నా పక్కన పామేడు వైపు పెద్దావిడ, ఒడిలో కోడి. నా మాట విని తెలుగులో పలకరించింది.

"ఏడికమ్మా?"

"దవాఖానకి. మా అక్కకు రక్తపరీక్ష."

"జరమా?"

మతిమరుపు అన్నాను. మరుపుకు కూడా రక్తపరీక్ష వచ్చిందని చెప్పాను. ఆవిడకు రక్తపరీక్ష అంటే మితానిన్, అంటే ఊళ్లో ఆరోగ్యం చూసే ఆడమనిషి, మలేరియాకు వేలు పొడిచి చేసేదే.

"మాకాడ గంతే. రెండు గీతలొస్తే జరం, గోలీలిస్తది. దీనికి ఏం గోలీ ఇస్తరు?"

"గట్టి మందు ఇంకా లేదమ్మా."

"గోలీ లేకుంటే సూదెందుకు పొడిచేది?"

నాకు చురుక్కుమంది. ముందే తెలిస్తే జాగ్రత్తపడొచ్చు, ఇల్లు చక్కబెట్టుకోవచ్చు అంటూ ముప్పై ఏళ్లుగా బీమాకు వాడే మాటలే ఏకరువు పెట్టాను. ఆవిడ కోడి మెడ నిమురుతూ అంతా విని, "మా ముసలోడున్నడు. వాడు తాగి మరుస్తున్నడో, రోగమొచ్చి మరుస్తున్నడో సమజైతలేదు. అది చెప్తదా ఏంది, నీ పరీక్ష?" అంది.

"కొంతవరకు చెప్పొచ్చు."

"అయితే మంచిదే. మాకాడికి పంపియ్యమను. తాగుడైతే నేనే బాగు చేస్త."

జీపంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఆ ప్రయాణంలో మొదటిసారి.

శాంతి క్వార్టరు

శాంతి మమ్మల్ని చూసి సంబరపడింది, కోడి తెప్పించి కూరకు పూనుకుంది, అన్నం వండింది. కూర ఉడుకుతుండగా, అక్క కాసేపు నడుం వాల్చినప్పుడు, వంటింట్లో అంతా చెప్పాను. గరిటె పక్కన పెట్టేసింది.

"రోజూ ఫోన్ చేస్తాను పిన్నీ. రోజూ. ఫోన్లో మేమిద్దరం అన్నీ కలిపేసే మాట్లాడుకుంటాం. నర్సుని అయ్యుండి నాకు తెలియలేదు" అని ఏడ్చింది.

కాసేపటికి తేరుకుని నర్సు అయింది. నా పరీక్ష సంగతి చెబితే మాత్రం కోప్పడింది. "ఎవరు రాశారు నీకు? షాపులో చీర కొన్నట్టు కొనుక్కుంటావా?" తర్వాత విడమరిచి చెప్పింది. మెదడులో ఒకరకం మురికి పేరుకుంటే దానికి సంబంధించిన ప్రోటీను రక్తంలో పెరుగుతుందట. ఇదివరకు అది తెలియాలంటే వెన్నులోంచి నీరు తియ్యాలి, లేదా పెద్ద నగరంలో ఖరీదైన స్కాను తియ్యాలి. ఇప్పుడు చేతిలో రక్తం చాలు. "మా బీజాపూర్‌కి ఇది చిన్న విషయం కాదు పిన్నీ. అమ్మని కూర్చోబెట్టి జ్ఞాపకశక్తి ప్రశ్నలు ఏ భాషలో అడుగుతారు? హిందీలో అడిగితే గోండీలో చెబుతుంది, తప్పు అని రాసేస్తారు. రక్తానికి ఆ గొడవ లేదు."

"అయితే అక్కకు చేయించేద్దాం."

"తొందరపడకు. అమ్మకి షుగరు, కిడ్నీలు సరిగా లేవు. కిడ్నీలు పాడైతే ఆ ప్రోటీను ఊరికే ఎక్కువ కనబడొచ్చు. అదొక్కటే చూసి జబ్బు పేరు పెట్టకూడదు. ముందు మామూలు పరీక్షలు. బి12 తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా మనిషి మరిచిపోతారు. అవైతే మందుంది. ఆ తర్వాత డాక్టరు చూసి, కావాలంటే రాయ్‌పూర్ పంపిస్తారు. మొదట్లోనే పట్టుకుంటే కాస్త నెమ్మది చేసే మందులు వచ్చాయంటున్నారు. అందరికీ పడవు. మనం మోయలేని ఖరీదు."

"మరి నాకు?"

"నీకు ఏ లక్షణమూ లేదు. నీకు వస్తుందో రాదో, వస్తే ఎప్పుడొస్తుందో అది చెప్పలేదు పిన్నీ. నీకు దాంతో వచ్చింది ఒక్క భయమే." శాంతి కూర దించి, గొంతు తగ్గించింది. "అమ్మమ్మకి వచ్చింది. ఇప్పుడు అమ్మ. నాకు భయం లేదనుకున్నావా? అయినా చేయించుకోను."

మర్నాడు ఆసుపత్రిలో అక్క రక్తం తీశారు. చెయ్యి చాపి బుద్ధిగా కూర్చుంది. రక్తం తీసే కుర్రాడి కులగోత్రాలన్నీ హిందీలోనే, సరిగ్గా అడిగింది. చూస్తున్న నాకు పిచ్చి ఆశ పుట్టింది.

మధ్యాహ్నం శాంతి వరండాలో ఇద్దరమే కూర్చున్నాం. అక్క మోచేతి దగ్గర దూదిని చూసుకుంటూ, తేటగా, మా చిన్నప్పటి పెందుర్తి ఇంట్లో మాట్లాడినట్టు అడిగింది.

"అమ్మకొచ్చిందే కదే, నాకూ?"

"తెలీదక్కా. అందుకే చూస్తున్నారు."

"నువ్వు సూపించుకున్నావా?"

ఎంత దూరం వచ్చానో ఆ ప్రశ్న కోసం. చెప్పేశాను. అమ్మకు వచ్చిందే నాకూ వస్తుందేమోనని రక్తం ఇచ్చానని, అవుననలేదు, కాదనలేదని చెప్పాను. చెబుతుంటే గుండె తేలికైంది కూడా. అక్క నా చెయ్యి లాక్కుని తన ఒళ్లో పెట్టుకుంది.

"నీకెవులున్నారే? నిన్ను సూసుకోవాల్సింది నాను. నానే ఇలగైపోతే నిన్నెవులు సూత్తారు?"

ఏడ్చింది. నేను ఎంత సముదాయించినా ఆగలేదు. అన్నం ముట్టలేదు. సాయంత్రానికి తను ఎందుకు ఏడుస్తోందో మరిచిపోయింది. ఏడుపు మాత్రం ఆగలేదు. "ఏటో అయిపోయింది, ఏటో చెడ్డది అయిపోయింది" అంటూ బావ చొక్కా పట్టుకుని గదిలో తిరిగింది. ఏమైందని ఆయన అడిగితే చెప్పలేక ఇంకా ఏడ్చింది. అమ్మ జబ్బంతా దగ్గరుండి చూశాను, కానీ ఈ సంగతి నాకు అప్పుడే తెలిసింది. విషయం పోతుంది, బాధ ఉండిపోతుంది.

తిరుగు బండి

బచేలి వచ్చేశాం. ఫలితాలు రావడానికి కొన్నాళ్లు పడుతుందట. శాంతి ఫోన్ చేస్తానంది. మర్నాడు పొద్దున్న బండికి అక్కా బావా నన్ను దిగబెట్టడానికి వచ్చారు. అక్క స్నానం చేసి, తలలో పూలు పెట్టుకుని, బీజాపూర్‌లో ఏమీ జరగనట్టు తాజాగా ఉంది. ప్లాట్‌ఫారం మీద ఇప్పపూల లడ్డూలు కొని నా సంచీలో కుక్కింది. మన నువ్వులుండలకు అన్నలాంటివి, ముదురు రంగు, దంతాలు గట్టిగా ఉండాలి.

బండి వచ్చేముందు అక్క తన మోచేతి మీద సూది మచ్చను వేలితో తడుముకుంది. నా వైపు తిరిగి, మొదటిసారి అడుగుతున్నట్టు అడిగింది.

"అమ్మకొచ్చిందే కదే, నాకూ? నువ్వు సూపించుకున్నావా?"

బావ నా ముఖంలోకి చూశాడు. ఆయన కళ్లు రెండు రాత్రులుగా నిద్రలేక ఎర్రగా ఉన్నాయి.

"సూపించుకున్నానక్కా. నాకేమీ లేదన్నారు" అన్నాను.

"నిజంగానా?"

"నిజంగా."

అక్క పెద్దగా ఊపిరి వదిలి, నా తల దగ్గరకు లాక్కుని నుదుటి మీద ముద్దు పెట్టింది. "అమ్మయ్య. నాకైతే అయిందిలే, మీ బావ సూసుకుంటాడు. నీకు లేకపోతే సాలు" అంది. బండి కదిలేదాకా నవ్వుతూ చెయ్యి ఊపుతూనే ఉంది. బండి మలుపు తిరిగాక, నేను ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని పెట్టెలో అందరి ముందూ ఏడ్చాను.